ఎలెక్ట్రిసిటీలో బరువెక్కడ?

పిల్లలూ,

కరెంటు అనే మాట మీకు బాగా నోరు తిరిగిందే. 'ఎలెక్ట్రిసిటీ' మాత్రం పాఠంలో ఎదురుపడగానే కొందరికి గుండె దడదడలాడుతుంది. 11 ఇంగ్లీషు అక్షరాలు మరి! ఇంట్లో పెద్దవాళ్లు ఆ పదకొండూ వరసగా వల్లించమంటారు. పెద్దలకు నా మనవి: ఆ శిక్ష వద్దు, మాటను ముక్కలు చేయించండి.

నోరు ఒక్క ఊపులో పలికేది ఒక ముక్క. ఇ–లెక్–ట్రి–సి–టి. అయిదే ముక్కలు! ఒక చేతివేళ్లకు సరిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. తెలుగులో మనం ముక్కలన్నిటినీ ఇంచుమించు ఒకే బలంతో పలుకుతాం. పద్యంలో గురువూ లఘువూ ఉన్నా, ఆ తేడా పలికే కాలానిదే. ఇంగ్లీషువాళ్లు అలాకాదు. పెద్దమాటలో ఒక ముక్కను గట్టిగా నొక్కి, తక్కినవాటిని తేలికగా వదిలేస్తారు. ఈ నొక్కునే ఊనిక అంటారు. 'ఎలెక్ట్రిక్'లో ఊనిక 'లెక్' మీద ఉంటుంది. చివర 'ఇటి' చేర్చారో, అది 'ట్రి' మీదికి దూకుతుంది! అంతేనా, 'క్' కాస్తా 'స్' అయిపోతుంది.

మనవాళ్లు చాలామంది చివరి 'టీ'ని సాగదీసి బరువంతా దానిమీద వేస్తారు. అక్షరం ఒక్కటీ తప్పు పోకపోయినా, వినేవాడు "ఏమిటీ?" అని మళ్లీ అడుగుతాడు. చెప్పినవాడు తనకు ఇంగ్లీషు రాదనుకుని నోరు మూసుకుంటాడు. రాకేం? బరువు చోటు మారింది, అంతే.

'ఇటి' చేసేపని మన 'త' చేసేపనివంటిదే. శుభ్రంగా ఉండే గుణం శుభ్రత కాదూ? అయితే మన 'త' వచ్చి చేరినా ముందున్న ముక్కలు కదలవు.

ఈ మాట పుట్టుక కూడా చిత్రమే. పూర్వకాలపు చెట్ల బంక భూమిలో లక్షల ఏళ్లుండి, తేనెరంగు రాయిలా గట్టిపడుతుంది. గ్రీకులు దాన్ని 'ఎలెక్ట్రాన్' అన్నారు. రుద్దితే అది గడ్డిపరకలను లాగుతుంది. (నూనె రాయని జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, కాగితం ముక్కల దగ్గర పెట్టి చూడండి.) ఇలా లాగే వస్తువులకు 1600లో విలియం గిల్బర్ట్ అనే ఇంగ్లండు వైద్యుడు ఆ పేరునుంచే లాటిన్‌లో ఒక మాట తయారుచేశాడు. 'ఎలెక్ట్రిసిటీ' 1646లో థామస్ బ్రౌన్ పుస్తకంలో కనిపిస్తుంది. ఆయనా వైద్యుడే! విద్యుద్దీపాలు ఇళ్లకు రావటానికి అది రెండువందల ఏళ్లకు పైగా ముందు.

'ఇటి'తో ముగిసే మాటల్లో ఊనిక చివరినుంచి మూడో ముక్కమీదే. 'యూనివర్సిటీ'లో 'వర్', 'ఎబిలిటీ'లో 'బి'. ఇక 'రెస్పాన్సిబిలిటీ' చూడండి: 14 అక్షరాలు, ఆరు ముక్కలు. 'రెస్పాన్సిబుల్'లో ఊనిక 'స్పాన్' మీద ఉండేది. ఇప్పుడెక్కడికి పోయిందో వెనకనుంచి లెక్కపెట్టి, ఇంట్లోవాళ్లకు గట్టిగా పలికి వినిపించండి.