చేపను బట్టే ఊరు

ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న ఫ్రెండ్స్ నన్ను తరచూ అడిగేది ఒకటే: "సెలవుల్లో ఫిషింగ్‌కి ఎక్కడికెళ్లాలి?" చుట్టూ సముద్రమే ఉన్న దేశం మరి! నేనైతే ముందు ఊరు చూడను. ఏ చేప, ఏ నెల అని చూస్తాను.

మన పండుగప్పనే అక్కడ బారమండీ అంటారు. అది కావాలా? వానలు తగ్గి వరదనీరు తీసే మార్చి-మే నెలల్లో డార్విన్ వైపు వెళ్లండి. భారీ బ్లాక్ మార్లిన్‌తో కుస్తీ పట్టాలంటే సెప్టెంబర్-డిసెంబర్ మధ్య కెయిర్న్స్. చేతిలో డబ్బులు తక్కువా? సిడ్నీలో ఒడ్డు నుంచే గాలం వేయొచ్చు. కాకపోతే ముందే ఫిషింగ్ ఫీజు కట్టాలి.

డార్విన్ వైపు లైసెన్స్ అక్కర్లేదు, కానీ మొసళ్లుంటాయి. నీటి అంచుకు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండండి.

ఇంకో సంగతి. పండుగప్ప మగచేపగా మొదలై, పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది. అందుకే బాగా పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే తల్లులే. క్వీన్స్‌ల్యాండ్ సముద్రంలో 120 సెంటీమీటర్లు దాటినదాన్ని వదిలేయాల్సిందే. రూల్ లేని చోట కూడా నా సలహా అదే: ఫొటో తీసుకోండి, తల్లిని నీళ్లలోకి పంపేయండి. తినడానికి చిన్నది చాలు.