ఆగని ఫ్రిజ్జుకి జమాఖర్చు

బ్యాంకులో సాయంత్రం క్యాషు తేడా వస్తే ముందు చిట్టాలు తిరగేస్తాం గాని కొత్త బీరువా కొనం. ఫ్రిజ్జు ఆగకుండా తిరుగుతోందంటే మాత్రం మనలో చాలామందికి వెంటనే కంప్రెసరు మీదే అనుమానం. ఇక్కడా ముందు లెక్కే చూడాలి.

ఫ్రిజ్జు చేసే పని లోపలి వేడిని తోడి బయట పారబోయడం. అంచేత అది అతిగా తిరుగుతోందంటే లోపలికి వేడి ఎక్కువ జమ అవుతూ ఉండాలి, లేదా బయటికి సరిగా ఖర్చు కాకుండా ఉండాలి.

మొదట జమ. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి, మెల్లగా లాగండి. బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదన్నమాట. చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడండి. సబ్బునీళ్లతో తుడిస్తే చాలాసార్లు మళ్లీ పడుతుంది. పగిలితే మార్చాల్సిందే.

ఇక ఖర్చు. ప్లగ్గు తీసేసి వెనక జాలీని మెత్తని బ్రష్షుతో దులపండి. గోడకి బెత్తెడు ఎడం ఉంచండి. కొత్త ఫ్రిజ్జులు చాలావాటికి జాలీ బయటికి కనపడదు. పక్క గోడలు వెచ్చగా ఉంటాయి, అది జబ్బు కాదు. వాటికి పక్కల గాలాడాలి.

బళ్లారి, షోలాపూరు వంటి పొడి ఊళ్లలో దుమ్ముతో బాధ. మా బరంపురం, యానాం వైపు చెమ్మతో బాధ. తలుపు తీసినప్పుడల్లా అది లోపలికి పోయి ఫ్రీజరులో మంచుగా పేరుకుంటుంది. మంచు మందమైతే చల్లదనం సరిగా అందదు. ఫ్రిజ్జు ఆపి కరగనివ్వండి. చాకుతో గీకితే గ్యాసు గొట్టానికి చిల్లు పడుతుంది.

పోయిన వేసవిలో మా వీధిలో పెన్షను మీద బతికే మాస్టారుగారింట ఫ్రిజ్జు రాత్రింబవళ్లు తిరిగింది. మెకానిక్కు చూసి, కంప్రెసరు పోయింది, ఏడు వేలవుతుందన్నాడు. అమ్మగారి ఇన్సులిను అందులోనే ఉంది. వాడకం మొదలెట్టని ఇన్సులిను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ముందు దాన్ని మా ఇంటికి తెచ్చాం. చూస్తే ఫ్రిజ్జు గోడకి ఆనుకుని ఉంది, జాలీ నిండా బూజు, కింది మూల నోటు జారిపోయింది. జరిపి, దులిపి, రబ్బరు కడిగాం. రాత్రంతా నీళ్లగ్లాసులో థర్మామీటరు ఉంచితే పొద్దుటికి 5 డిగ్రీలు. కంప్రెసరు ఆగి ఆగి తిరుగుతోంది.

కరెంటు లెక్కా చూడండి. 100 వాట్ల కంప్రెసరు రోజంతా తిరిగితే 2.4 యూనిట్లు. సగం సేపే తిరిగితే 1.2. నెలకి 36 యూనిట్లు మిగులు.

ఇన్వర్టరు రకం ఫ్రిజ్జు నెమ్మదిగా ఎక్కువసేపు తిరగడం సహజమే. ఇవన్నీ చేసినా చల్లబడకపోతే, ఫ్రీజరులో ఒక మూలే మంచు కడుతుంటే, గ్యాసు తగ్గిందేమో చూపించాలి. కారే చోటు మూశాకే కొత్త గ్యాసు నింపమనండి. ఇప్పటి ఫ్రిజ్జులు చాలావాటిలో మండే గ్యాసు ఉంటుంది గనక పని తెలిసినవాణ్ణే పిలవండి. ఇంట్లో ఇన్సులిను ఉంటే, అతను వచ్చేలోగా పక్కింటి ఫ్రిజ్జుకి చేర్చడం మరవకండి.