బెత్తంతో మొండితనం పోదు

గుడియాత్తంలో ఏటా మే నెలలో గంగమ్మ శిరసు జాతర. బొమ్మల అంగళ్ల ముందు పిలకాయ కింద పడి దొర్లుతాడు. నాన్న ఓ దెబ్బ వేస్తాడు. వాడు ఇంకా గట్టిగా ఏడుస్తాడు. జనం చూస్తున్నారని అవ్వ కొంగుముడి విప్పి బొమ్మ కొనిస్తుంది. దెబ్బ పడితేనేం, బొమ్మ దక్కింది గదా! మరుసటి రోజు ఇంట్లోనూ అదే పని. ఆ విద్య వాడికి నేర్పింది పెద్దోళ్లే.

ఈ లెక్క విప్పి చెప్పేవారు వేలూరులోనే ఉన్నారు. బాగాయంలోని సీఎంసీ మానసిక వైద్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివాళ్లనూ ఉంచుకుని చికిత్స చేయడం 1950ల నుంచి వస్తున్న పద్ధతి. ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం అక్కడే 'నంబిక్కై నిలయం' ఉంది. బిడ్డతో ఎలా మెలగాలో కన్నవాళ్లకూ నేర్పుతారు.

బిహేవియర్ థెరపీలో మొదటి పని గమనించడం. అల్లరికి ముందు ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దక్కింది? తల్లి ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతుంటే బిడ్డ ఆకులు చిమ్ముతాడు. తిట్టడానికైనా అమ్మ తనవైపు తిరుగుతుంది, వాడికి కావలసింది అదే. కాబట్టి భుజం తట్టి 'అమ్మా' అని పిలవడం నేర్పాలి. పిలిచిన మరుక్షణం చేట పక్కన పెట్టి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆకులు చిమ్మితే మాత్రం అరవకుండా ఏరుకోవాలి. మొదట్లో అల్లరి తగ్గకపోగా పెరగొచ్చు. చాలామంది అక్కడే లొంగిపోతారు. దాంతో ఇంకా గట్టిగా ఏడిస్తేనే పని జరుగుతుందని వాడికి అర్థమవుతుంది. (చెవిపోటు లాంటి బాధ చెప్పలేక ఏడుస్తున్నాడేమో ముందు డాక్టరుకు చూపించాలి.)

అయితే బీడీలకు వెయ్యికింత అని కూలి. ఆ రెండు నిమిషాలకూ తల్లికి నష్టమే. భారమంతా ఆమె మీదే వేసి 'పెంపకం బాగాలేదు' అనడం అన్యాయం. తండ్రి, అవ్వ, తాత ఒకే మాట మీద ఉండాలి. అమ్మ కాదన్నది అవ్వ ఇచ్చేస్తే వారం శ్రమ గంగపాలే.

సరిహద్దు ఇళ్లలో ఇంకో చిక్కుంది. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. అయినా 'నాలుగు తగిలించండి సార్' అని చెప్పి వచ్చే తండ్రులు ఇంకా ఉన్నారు. దానికి బదులు 'ఈరోజు ఏం బాగా చేశాడు సార్' అని అడగొచ్చు. టీచరు తమిళంలో చెప్పిన ఆ మెప్పును సాయంత్రం ఇంట్లో తెలుగులో, అవ్వకు వినబడేలా మళ్లీ చెప్పాలి.