కంపెనీ ఊరికి రాదు, బాకీ వస్తుంది

పర్ణశాలకు వచ్చిన యాత్రికులకు బంగారు లేడి కథ చెప్పి పంపుతారు. మాయలేడి ఈ అడవిలోనే తిరిగిందంటారు. నమ్మేవాళ్లు నమ్మనీ. మన పల్లెలకు మాత్రం తొలకరికి ముందే ఏటా ఇంకో లేడి వస్తుంది. రంగుల పాకెట్టులో వస్తుంది. పైన తెల్లగా విచ్చిన పత్తికాయ బొమ్మ ఉంటుంది. దాని వెంట పరుగెత్తేది మనమే.

ఆ పాకెట్టు ఎక్కడ పుట్టింది? ఎన్ని చేతులు మారింది? ఎవరికి ఎంత మిగిలింది? ఇది తెలిస్తేగాని మన బాకీ ఎందుకు తీరడం లేదో తెలవదు.

అమెరికాలోని మొన్‌శాంటో కంపెనీ నుంచి బీటీ పత్తి విత్తనం తెచ్చుకోవడానికి మహికో అనే మన దేశపు కంపెనీకి 1995లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఎంత? 100 గ్రాములు. గుప్పెడు గింజలు. ఓడలకు ఓడలు దిగలేదు. ఆ గింజల్లోని గుణాన్ని ఇక్కడి రకాల్లోకి ఎక్కించారు. 1998లో మొన్‌శాంటో మహికోలో 26 శాతం వాటా కొన్నది. ఇద్దరూ కలిసి ఉమ్మడి కంపెనీ పెట్టారు. 2002 మార్చిలో సాగుకు అనుమతి వచ్చింది. ఆ తర్వాత నలభైకి పైగా దేశీ విత్తన కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారు.

ఉపాయం చూడండి. విత్తనం పండించే చేను వాళ్లది కాదు. ఊరూరా దుకాణం వాళ్లది కాదు. అమ్ముడుపోయిన ప్రతి పాకెట్టు మీద రాయల్టీ మాత్రం వాళ్లది. పైగా అది హైబ్రిడ్. దాచిన గింజ మళ్లీ వేస్తే అదే పంట రాదు. ఏటా కొనాల్సిందే.

2005లో 450 గ్రాముల పాకెట్టు సుమారు 1,850 రూపాయలు. అందులో దాదాపు 1,250 రాయల్టీయే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్త వ్యాపారాల కమిషన్ ముందు కేసు వేసింది. ఆ ఏడే ధర 750కి దిగింది. 750కి కూడా అమ్మారు గదా! మరి అంతకుముందు మన దగ్గర గుంజిన వెయ్యికి పైగా రూపాయలు ఎవరి కష్టం? 2018లో మొన్‌శాంటోను జర్మనీకి చెందిన బేయర్ కొన్నది. 2020లో కేంద్రం ఆ రాయల్టీని సున్నా చేసింది. పైన పేర్లు మారినయ్. కింద బాకీ పుస్తకం మారలేదు.

లాభం పైకి పోయింది. మరి కష్టం? అది మెట్టు మెట్టు దిగి మన పల్లెకే వచ్చింది. కంపెనీ విత్తనం పండించే పని ఆర్గనైజరుకు ఇచ్చింది. ఆర్గనైజరు రైతుకు ఇచ్చాడు. గద్వాల, కర్నూలు చేలల్లో పూలు దాటించడానికి బడి మాన్పించిన ఆడపిల్లల్ని దించారు. వాళ్లలో మన పిల్లలెందరో! అడిగితే కంపెనీ ఏమంటుంది? వాళ్లు మా కూలీలు కారు అంటుంది.

అమ్మకంలోనూ అదే మాట. మొలక రాకపోతే డీలరు కంపెనీని చూపిస్తాడు. కంపెనీ వాన లేదంటుంది, నేల మంచిది కాదంటుంది. అధికారి బిల్లు చూపించమంటాడు. మన చేతిలో ఉన్నది తెల్ల చీటీ! అరువుకు ఇచ్చిన దుకాణం బిల్లు ఇవ్వదు. మిత్తి కట్టుకుంటుంది, పంటను తనకే తూకం వేయమంటుంది. పట్టా లేని కౌలుదారు పేరు ఏ కాగితం మీదా ఉండదు. కాయతొలుచు పురుగుకు తట్టుకుంటుందన్న పత్తినే 2017లో గులాబీ రంగు పురుగు తొలిచింది. ఆ నష్టం ఎవరి ఖాతాలో పడిందో మీకు వేరే చెప్పాలా?

అన్నలారా, అక్కలారా! కంపెనీ ఊళ్లోకి రాదు గనక దాన్ని పట్టుకునే దారి కాగితమే. విత్తనం అమ్మినవాడు బిల్లు ఇవ్వాలి. అది చట్టం, దయ కాదు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, పరిహారం అడగొచ్చు అని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన తెలుగు రైతులదే.

అందుకని ఒక్కొక్కరుగా పోవద్దు. పదిళ్లవాళ్లు కలిసి దుకాణానికి పోండి. అరువైనా సరే బిల్లు అడగండి. పాకెట్టు చింపి పారెయ్యకండి, దాని మీది లాటు నంబరే సాక్షి. పిడికెడు గింజలు దాచండి. మొలక రాకపోతే చేను దున్నకముందే వ్యవసాయాధికారికి రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. గడ్డిమందు కొట్టినా చావని పత్తి అని చాటుగా అమ్మే సంచి జోలికి పోకండి. దానికి అనుమతి లేదు, బిల్లు పుట్టదు, రేపు అడిగే దిక్కూ ఉండదు.

చదవమన్నాడు అంబేద్కర్. పాకెట్టు మీది అక్షరాల దగ్గరే మొదలుపెడదాం. చదువు రాకుంటే బడికి పోయే పిల్లతో చదివించుకుందాం. ఆ పిల్లను మాత్రం పత్తి చేనుకు పంపొద్దు.