సెలవుల్లో కథలు, లెక్కలు
ఏప్రిల్ చివర్లో మూసిన బడి మామూలుగా జూన్ 12న గానీ తెరుచుకోదు. ఆ 7 వారాల్లో ఎక్కువగా వెనకబడేది ఇంట్లో ఒక్క కథల పుస్తకమైనా లేని పిల్లలు. పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వే 2022లో జరిగినప్పుడు గ్రామీణ భారతంలోని అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. అలాగని పై తరగతి సిలబస్ ముందే రుద్దే వేసవి కోచింగ్‌లకు పంపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అమ్మమ్మ ఊరు, ఆటలు పిల్లల హక్కు. అవి పోకుండానే లెక్కలు నేర్పడానికి ఆవకాయ రోజులను మించిన అదను ఏది? కాయలు వాళ్లచేత బేరమాడించండి, కారం, ఉప్పు, ఆవపిండి వాళ్లనే కొలవనివ్వండి, ఈసారి సగం కాయలే పెడితే ఏది ఎంత పోయాలో అడగండి. తప్పు చెబితే కసరకండి. చదవడానికి మాత్రం పుస్తకాలు కావాలి, కొనలేని ఇళ్లు ఎన్నో. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు ఆ సొమ్మును ఎప్పటికప్పుడు గ్రంథాలయాలకు జమచేయాలి. మే నెలంతా శాఖా గ్రంథాలయాలు బొమ్మల కథల పుస్తకాలను పిల్లలకు ఇంటికివ్వాలి, సాయంత్రాలు పెద్దపిల్లలు చిన్నవాళ్లకు పైకి చదివి వినిపించేందుకు అక్కడే చోటు చూపాలి.