డి డ్రైవ్‌లో పెట్టాం కదా, ఇంకేం భయం?

ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించడానికి షాపుకి వెళ్లిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. "ఫొటోలు, ఫైల్స్ అన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకో తమ్ముడూ, ఏమీ కాదు." ఇంటర్ నుంచి బీటెక్ సెకండియర్ దాకా నేనూ ఈ మాటని గుడ్డిగా నమ్మాను. ఆ నమ్మకం ఖరీదు మా తాతయ్య వీడియోలు. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెట్టి ఇది రాస్తున్నా.

మాది తిరువూరు. ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉండేది, 1 టీబీ హార్డ్ డిస్క్‌తో. అసెంబుల్ చేసినాయన దాన్ని నాలుగు ముక్కలు చేసి ఇచ్చాడు. సిలో విండోస్, డిలో సినిమాలు, ఇలో ఫొటోలు. నాలుగో దానికి నేనే "బ్యాకప్" అని పేరు పెట్టుకున్నా. ప్రతి నెలా ఇలో ఉన్న ఫొటోలన్నీ ఎఫ్‌లోకి కాపీ చేసేవాణ్ని. రెండు కాపీలు ఉన్నాయని ఎంత ధీమానో! ఫ్రెండ్స్‌కి కూడా అదే సలహా ఇచ్చా.

ఒక ఎండాకాలం, కరెంటు పోయి వస్తున్న రోజుల్లో, సిస్టమ్ ఆన్ చేస్తే లోపల నుంచి టక్ టక్‌మని శబ్దం. విండోస్ రాలేదు. డిస్క్ తీసి వేరే సిస్టమ్‌కి పెట్టి చూస్తే ఒక్క డ్రైవ్ కూడా కనిపించలేదు. ఇ పోయింది, ఎఫ్ కూడా దాంతోపాటే పోయింది. హైదరాబాద్‌లో డేటా రికవరీ వాళ్లకి చూపిస్తే, లోపల ప్లాటర్ మీద గీతలు పడ్డాయి, రాదు అన్నారు.

తాతయ్య మామిడి తోటలో మాట్లాడుతుండగా తీసిన వీడియోలు అందులోనే ఉన్నాయి. అప్పటికి ఆయన పోయి ఏడాది. ఇప్పుడు మా హాల్లో గోడకున్న ఫొటో, ఎప్పుడో మా పిన్నికి వాట్సాప్‌లో పంపినది. సైజు తగ్గిపోయిన ఆ ఫొటోని పెద్దగా ప్రింట్ చేయిస్తే మొహం మసకమసకగా వచ్చింది. అమ్మ ఇప్పటికీ ఏమీ అనదు. కంప్యూటర్ చదువు చదివింది నేనే కదా, అదే నాకు బాధ.

పార్టిషన్ అసలు ఏం చేస్తుంది?

పార్టిషన్ అంటే ఒక పెద్ద హాలు మధ్యలో కట్టిన గోడ లాంటిది. గదులు వేరయ్యాయి, ఇల్లు మాత్రం ఒకటే. హార్డ్ డిస్క్‌లో తిరిగే మోటారు, డేటా చదివే హెడ్స్, సర్క్యూట్ బోర్డు అన్ని పార్టిషన్లకీ కలిపి ఒకే సెట్. ఎస్ఎస్‌డీలో అయితే కంట్రోలర్ చిప్ ఒకటే. అది పోతే సి, డి అనే తేడా ఉండదు.

పార్టిషన్ వల్ల లాభమే లేదని నేను అనట్లేదు. విండోస్ పాడై మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే, సిని మాత్రమే తుడిచి డిని వదిలేయొచ్చు. ఉబుంటు కూడా పక్కనే పెట్టుకోవాలంటే పార్టిషన్ తప్పదు. షాపులో చెప్పే మాట ఆ మేరకు నిజమే. కానీ అది సాఫ్ట్‌వేర్ పాడైనప్పుడు మాత్రమే పనికొచ్చే రక్షణ. డిస్క్ చచ్చినా, ల్యాప్‌టాప్ పోయినా, బ్యాగ్ బస్సులో మర్చిపోయినా దాని వల్ల ఉపయోగం లేదు.

ర్యాన్సమ్‌వేర్ వచ్చినా అంతే. 2017 మేలో వానాక్రై ప్రపంచమంతా తిరిగినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అలాంటి వైరస్ సి తర్వాత డిలోకి వెళ్లడానికి ఎవరి పర్మిషనూ అడగదు. ఆ టైమ్‌లో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కేబుల్‌కి తగిలించి ఉంటే దాన్ని కూడా లాక్ చేసేస్తుంది.

ఈమధ్య ఇంకో చిక్కు వచ్చింది. విండోస్ 11 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేసిన చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అవుతోంది. సితో పాటు లోపలున్న డి కూడా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. తర్వాత ఎవరో సి మాత్రమే ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేస్తే, డి తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. అది ఏ మెయిల్ ఐడీతో క్రియేట్ చేశారో గుర్తులేకపోతే? డిలో అన్నీ ఉంటాయి, మీకు మాత్రం దక్కవు. ఫార్మాట్‌కి ఇచ్చే ముందు ఆ కీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇల్లే మునిగితే?

"సరే, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాను కదా" అంటారా? మా ఫ్రెండ్ కూడా కొన్నాడు. వాడు విజయవాడ సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాడు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి కాలనీలకు కాలనీలే నీళ్లలో మునిగాయి. ఆ వరదలోనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చింది. వీడు సర్టిఫికెట్ల కవర్ పట్టుకుని పై ఫ్లోర్‌కి పరిగెత్తాడు. ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ రెండూ ఒకే బ్యాగ్‌లో, మంచం కింద ఉన్నాయి. నీళ్లు తగ్గడానికి రోజులు పట్టింది. రెండూ పోయాయి.

వాడు నా కంటే నయం, డేటా రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టాడు. కానీ రెండూ ఒకే గదిలో పెట్టాడు. అక్కడికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరువూరులో, వాళ్ల అమ్మ బీరువాలో ఇంకో కాపీ ఉండి ఉంటే, ఈరోజు వాడి బీటెక్ ఫొటోలన్నీ ఉండేవి.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 రూల్ చెప్పేది ఇదే. డేటా 3 కాపీలు, 2 వేర్వేరు రకాల స్టోరేజ్‌లో, అందులో 1 వేరే చోట. వినడానికి కంపెనీల వ్యవహారంలా ఉంటుంది గానీ, ఊళ్లో ఇల్లు, సిటీలో రూమ్ ఉన్న మనలాంటి వాళ్లకి ఆ "వేరే చోటు" రెడీగా ఉంది.

క్లౌడ్ ఉంది కదా?

ఉంది, వాడండి. కానీ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. గూగుల్ ఇచ్చే ఫ్రీ 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నిటికీ కలిపే. 2021 జూన్ 1 నుంచి ఫొటోలకి అన్‌లిమిటెడ్ ఫ్రీ లేదు. ఇప్పుడు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15లోంచే తింటుంది. నిండిపోయాక బ్యాకప్ ఆగిపోతుంది, నోటిఫికేషన్ మనం చూడం.

రెండోది, సింక్ వేరు, బ్యాకప్ వేరు. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత దాని ఊసే ఉండదు.

నేనిప్పుడు ఏం చేస్తున్నానంటే

నా ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్ఎస్‌డీ. పార్టిషన్లు రెండే. సికి 200 జీబీ ఇచ్చా, మిగతాది డికి. సికి 100 జీబీ ఇచ్చి సరిపెట్టే అలవాటు మానుకోవాలని నా అభిప్రాయం. అప్‌డేట్స్, ఆండ్రాయిడ్ స్టూడియో, ఒకట్రెండు గేమ్స్ పడేసరికి ఎర్ర గీత వచ్చేస్తుంది. ఎస్ఎస్‌డీలో ముక్కలు ఎక్కువ చేస్తే స్పీడ్ పెరగడం అంటూ ఏమీ ఉండదు.

తర్వాత, పోతే మళ్లీ దొరకనివి ఏవో విడదీశా. సినిమాలు, ఇన్‌స్టాలర్లు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫొటోలు, వాయిస్ రికార్డింగులు, పొలం పాస్‌బుక్ స్కాన్, సర్టిఫికెట్లు, నా కోడ్. అన్నీ కలిపితే 40 జీబీ కూడా రాలేదు. దీనికోసం పెద్ద ఖర్చేం అక్కర్లేదు. ఈ ఫోల్డర్ ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి తిరువూరు బీరువాలో ఉన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో. ఊరెళ్లినప్పుడల్లా దాన్ని అప్‌డేట్ చేసి, కేబుల్ పీకేసి, మళ్లీ బీరువాలోనే పెట్టి వస్తా.

ఇంకొక్క పని, అందరూ మర్చిపోయేది. బ్యాకప్ తెరిచి చూడండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ డిలీట్ చేశాడు. బ్యాకప్ కోసం వాళ్లు పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. టెస్టింగ్ కోసం ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. వాళ్ల పరిస్థితే అదైతే, మన పెన్‌డ్రైవ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? నెలకోసారి ఏదో ఒక ఫొటో, ఏదో ఒక వీడియో బ్యాకప్ నుంచి ఓపెన్ చేసి చూస్తే చాలు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నానమ్మని కూర్చోబెట్టి, పెళ్లైన కొత్తలో తిరువూరు ఎలా ఉండేదో చెప్పించి రికార్డ్ చేశా. నలభై నిమిషాలు. అదే రాత్రి మూడు చోట్లకీ కాపీ చేశాకే పడుకున్నా. తాతయ్యవి పోయాయని నానమ్మకి ఇంతవరకు చెప్పలేదు.