టీవీ కుస్తీలో చావు బూటకం కాదు

సంపాదకులకు,

టీవీ కుస్తీ అంతా బూటకమని మీ వ్యాసకర్త తేల్చేశారు. గెలుపోటములు ముందే రాసుకుంటారు, ఒప్పుకుంటాను. మా దేవరకొండ పోరగాళ్లకీ ఆ సంగతి తెలుసు. జాతర కుస్తీలు చూసిన కళ్లు కదా! కానీ టీవీ కుస్తీవీరుడు ఎడ్డీ గెరెరో మాటేమిటి? టెక్సాస్‌లోని ఎల్ పాసో వాడు. తాగుడు, మాత్రలతో ఉద్యోగం పోగొట్టుకుని, అన్నీ మానేసి తిరిగొచ్చాడు. 2004 ఫిబ్రవరిలో బ్రాక్ లెస్నర్‌ను పడగొట్టి ఛాంపియన్ బెల్టు అందుకున్నాడు. మేం ఆడుకునే కుస్తీవీరుల ట్రంప్ కార్డుల మీద ఛాతీ కొలత ఉండేది, లోపలి గుండె సంగతి ఉండేది కాదు. 2005 నవంబర్ 13న మినియాపొలిస్ హోటల్ గదిలో అన్న కొడుకు చావోకు స్పృహ లేకుండా కనిపించాడు. గుండెజబ్బుతో పోయాడు. వయసు 38. ఎప్పుడో ఆపేసిన డ్రగ్ పరీక్షలను అతని కుస్తీ కంపెనీ ఆ చావు తర్వాతే మళ్లీ పెట్టింది, 2006లో. ఇదీ రాయాల్సింది.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా